చలిగాలిలో దాగిన వేడి – లార్డ్ కెల్విన్ జీవితం

డిసెంబరు నెలలో తెల్లవారుజామున ఐదు గంటలకు హాస్టల్ నీళ్ల తొట్టి దగ్గర నిలబడిన ప్రతి ఒక్కరికీ ఒక సంగతి బాగా తెలుసు. మొదటి చెంబు ఒంటి మీద పోసుకునేదాకా భయం, పోసుకున్నాక వణుకు. ఆ చన్నీళ్లలో, ఆ చలిగాలిలో బోలెడంత వేడి ఉందని ఎవరైనా చెబితే మనం నవ్వుతాం. కానీ 1852లో స్కాట్లాండ్ దేశంలో 28 ఏళ్ల యువ ఆచార్యుడు ఒకాయన సరిగ్గా ఇదే మాట చెప్పాడు. చెప్పి ఊరుకోలేదు. ఆ వేడిని బయటి నుంచి తోడి ఇంట్లోకి తేవడానికి యంత్రం ఎలా ఉండాలో, దానికి ఎంత బొగ్గు ఖర్చవుతుందో కాగితం మీద లెక్కగట్టి చూపించాడు. ఆయనే విలియం థామ్సన్. తర్వాతి కాలంలో లార్డ్ కెల్విన్‌గా ప్రపంచానికి తెలిసిన శాస్త్రవేత్త.

మన భౌతికశాస్త్రం పుస్తకంలో ఉష్ణోగ్రత పక్కన రాసే K అనే అక్షరం ఆయన పేరే. పరీక్షలో 273 కలపడం మరిచిపోయి మార్కులు పోగొట్టుకున్న వాళ్లందరికీ ఆయన పరోక్షంగా పరిచయమే! ఆ అక్షరం వెనుక ఉన్న మనిషి కథను తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ చెప్పాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

తండ్రి కథ ముందు చెప్పాలి

కెల్విన్ కథ కెల్విన్‌తో మొదలుకాదు. ఆయన తండ్రి జేమ్స్ థామ్సన్‌తో మొదలవుతుంది. జేమ్స్ 1786లో ఐర్లాండ్‌లోని బాలినాహించ్ అనే ఊరి దగ్గర ఒక చిన్న రైతు కుటుంబంలో పుట్టాడు. పొలం పనుల మధ్యనే సొంతంగా లెక్కలు నేర్చుకున్నాడు. ఎండ నీడను బట్టి పొద్దు తెలిపే గడియారం ఎలా పనిచేస్తుందో చిన్నప్పుడే తనంతట తాను ఆలోచించి తెలుసుకున్నాడు.

చదువు మీద ఆశ ఉన్నా చేతిలో డబ్బు లేదు. అందుకని 1810 నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాడు. చలికాలంలో సముద్రం దాటి స్కాట్లాండ్‌లోని గ్లాస్గో విశ్వవిద్యాలయంలో చదవడం, వేసవిలో తిరిగి ఐర్లాండ్ వచ్చి పిల్లలకు పాఠాలు చెప్పి మరుసటి ఏడాది ఖర్చులకు సంపాదించుకోవడం. సెలవుల్లో కూలికి వెళ్లి పుస్తకాలు కొనుక్కున్న వాళ్లు మన హాస్టళ్లలో ఎందరో ఉన్నారు. వాళ్లకు జేమ్స్ థామ్సన్ పరాయివాడిలా అనిపించడు. ఆ పట్టుదలతోనే ఆయన బెల్‌ఫాస్ట్ నగరంలో లెక్కల ఆచార్యుడయ్యాడు. ఆయన రాసిన గణిత పాఠ్యపుస్తకాలు ఎన్నోసార్లు అచ్చయ్యాయి.

బాల్యం – విద్యాభ్యాసం

విలియం 1824 జూన్ 26న బెల్‌ఫాస్ట్‌లో జన్మించాడు. ఆరేళ్ల వయసులో, 1830లో, తల్లి మార్గరెట్ చనిపోయింది. అప్పటి నుంచి తండ్రే తల్లి కూడా అయ్యాడు. పిల్లలను తన దగ్గరే కూర్చోబెట్టుకుని చదువు చెప్పాడు. 1832లో ఆయనకు తాను చదివిన గ్లాస్గో విశ్వవిద్యాలయంలోనే గణితాచార్యుడిగా ఉద్యోగం వచ్చింది. కుటుంబమంతా గ్లాస్గో చేరింది. 1834లో విలియం, అతని అన్న జేమ్స్ ఇద్దరూ అదే విశ్వవిద్యాలయంలో విద్యార్థులుగా పేర్లు నమోదు చేయించుకున్నారు. అప్పటికి విలియంకు పదేళ్లు.

ఆ రోజుల్లో వేడి గురించి ఫ్రెంచి గణితవేత్త ఫూరియే రాసిన పుస్తకం చాలా కఠినమైనదని పేరు. విలియం 1840లో దాన్ని పదిహేను రోజుల్లో చదివేశాడు. ఫూరియే లెక్కల్లో తప్పులున్నాయని ఒక ఆచార్యుడు పుస్తకంలో రాస్తే, కాదు, తప్పు మీదేనని చూపిస్తూ వ్యాసం రాశాడు. అది 1841లో కేంబ్రిడ్జి గణిత పత్రికలో అచ్చయింది. పేరు పెట్టుకోవడానికి జంకి, పి.క్యూ.ఆర్. అనే మూడు అక్షరాలు మాత్రం పెట్టుకున్నాడు.

అదే ఏడాది కేంబ్రిడ్జిలోని పీటర్‌హౌస్ కళాశాలలో చేరాడు. అక్కడ చదువు ఒక్కటే కాదు, పడవ పందేల్లో బహుమతి గెలిచాడు, సంగీత బృందంలో వాయించాడు. తండ్రిని అడగకుండా పడవ కొన్నందుకు ఇంటి నుంచి చీవాట్ల ఉత్తరం కూడా వచ్చింది. ఖర్చులకు లెక్క చెప్పమని తండ్రి అడగడం, కొడుకు సంజాయిషీ రాయడం ఏ దేశంలోనైనా ఒకటే కదా!

1845లో ఆఖరి పరీక్ష రాశాడు. మొదటి స్థానం తనదేనని అందరూ అనుకున్నారు. వచ్చింది రెండో స్థానం. ఆ వెంటనే జరిగిన స్మిత్ బహుమతి పరీక్షలో మాత్రం మొదటివాడిగా నిలిచాడు. ఆ రెండో స్థానం ఆయన జీవితాన్ని ఏమీ ఆపలేదన్న సంగతి, ఇంటర్ ర్యాంకు తగ్గిందని అన్నం మానేసే తమ్ముళ్లు గుర్తుంచుకోవాలి.

దొరకని పుస్తకం

చదువు ముగించి ప్యారిస్ వెళ్లి, అక్కడ రెన్యో అనే శాస్త్రవేత్త ప్రయోగశాలలో కొంతకాలం పనిచేశాడు. అక్కడే క్లాపెరాన్ అనే ఇంజనీరు 1834లో రాసిన వ్యాసం ఒకటి చదివాడు. అందులో సాదీ కార్నో అనే అతని పుస్తకం ప్రస్తావన ఉంది. ఆవిరి యంత్రం నుంచి అత్యధికంగా ఎంత పని రాబట్టగలం అన్న ప్రశ్న మీద 1824లో, అంటే విలియం పుట్టిన సంవత్సరంలోనే, ఆ పుస్తకం వెలువడింది. విలియం ప్యారిస్‌లోని పుస్తకాల దుకాణాలన్నీ తిరిగాడు. కార్నో పేరు చెబితే, అదే ఇంటిపేరుగల వేరేవాళ్ల పుస్తకాలు చూపించారు తప్ప ఈ పుస్తకం సంగతి ఎవరికీ తెలియదు.

సాదీ కార్నో 1832లో, 36 ఏళ్లకే, కలరాతో చనిపోయాడు. బతికున్నప్పుడు అతని పుస్తకాన్ని పట్టించుకున్నవాళ్లు దాదాపు లేరు. మూడేళ్లు వెతికాక, 1848లో విలియం చేతికి ఒక ప్రతి దొరికింది. ఆ మరుసటి ఏడాదే కార్నో సిద్ధాంతాన్ని వివరిస్తూ పెద్ద వ్యాసం ప్రచురించి ప్రపంచానికి పరిచయం చేశాడు. ఎవరూ చదవని పుస్తకాన్ని శ్రద్ధగా చదివే ఒక్క పాఠకుడు ఎంత పని చేయగలడో చూడండి.

కార్నో చెప్పింది సారాంశంగా ఇది. ఎత్తు నుంచి పల్లానికి పడే నీరు చక్రాన్ని తిప్పినట్టే, ఎక్కువ ఉష్ణోగ్రత నుంచి తక్కువ ఉష్ణోగ్రతకు దిగే వేడి యంత్రాన్ని నడుపుతుంది. ఎంత పని దొరుకుతుందన్నది ఆ రెండు ఉష్ణోగ్రతల తేడా మీద ఆధారపడుతుంది. ఇంకొక గొప్ప మాట కూడా చెప్పాడు. యంత్రాన్ని వెనక్కి నడిపిస్తే, అంటే మనమే పని ఖర్చుపెడితే, వేడిని కింది నుంచి పైకి కూడా ఎక్కించవచ్చు. హీట్ పంపుకు విత్తనం ఈ మాటలోనే ఉంది.

22 ఏళ్లకే ఆచార్యుడు

1846లో గ్లాస్గోలో భౌతికశాస్త్ర ఆచార్య పదవి ఖాళీ అయింది. కొడుక్కి ఆ ఉద్యోగం రావాలని తండ్రి చాలాకాలం ముందు నుంచే తనకు తెలిసినవాళ్లందరితో మాట్లాడి ప్రయత్నం చేశాడు. ఈ సంగతి దాచాల్సిన పని లేదు. విలియం ప్రతిభ గలవాడే, కానీ ఆ మెట్ల దాకా చేయిపట్టి నడిపించిన తండ్రి ఉన్నాడు. పొలం నుంచి విశ్వవిద్యాలయం దాకా ఒంటరిగా నడిచింది తండ్రి. మన హాస్టళ్లలో చాలామందిమి ఆ తండ్రి స్థానంలో ఉన్నాం. ఇంట్లో మొదటగా చదువుకున్నవాళ్లం. మన తర్వాతివాళ్లకు దారి ఎంత తేలికవుతుందో ఈ కుటుంబం చూపిస్తుంది. ఆ తండ్రి కూడా 1849లో కలరాకే బలయ్యాడు.

22 ఏళ్లకు ఆచార్యుడైన విలియం ఆ కుర్చీలో 53 ఏళ్లు కొనసాగాడు. కేంబ్రిడ్జి, ఇతర పెద్ద సంస్థలు పిలిచినా గ్లాస్గో వదిలి వెళ్లలేదు. విశ్వవిద్యాలయంలో పాడుబడిన ద్రాక్షసారాయి కొట్టును శుభ్రం చేయించి విద్యార్థులు తమ చేతులతో ప్రయోగాలు చేసే గదిగా మార్చాడు. భౌతికశాస్త్రంలో విద్యార్థుల కోసం బ్రిటన్‌లో ఏర్పడిన మొదటి ప్రయోగశాల అదే. పాఠం చెబుతూ మధ్యలో ఇంకో ఆలోచన వస్తే దాని వెంటపడి పోయేవాడట. అందుకని వెనక బెంచీల వాళ్లకు ఆయన పాఠం అర్థం కావడం కష్టంగానే ఉండేది.

జూల్‌తో పరిచయం

1847లో ఆక్స్‌ఫర్డ్ నగరంలో శాస్త్రవేత్తల సమావేశం జరిగింది. జేమ్స్ జూల్ అనే బీరు తయారీదారు కొడుకు అక్కడ మాట్లాడాడు. నీళ్లలో తెడ్లు తిప్పితే నీళ్లు వేడెక్కుతాయని, ఎంత పనికి ఎంత వేడి పుడుతుందో తాను కొలిచానని చెప్పాడు. అతనికి విశ్వవిద్యాలయ పట్టా లేదు. తొందరగా ముగించమని సభాధ్యక్షుడు ముందే చెప్పాడు. వినేవాళ్లలో ఆసక్తి కనబడలేదు. అప్పుడు జూల్ మాటల్లోని విలువను గుర్తించినవాడు 23 ఏళ్ల విలియం.

అయితే విలియంకు ఒక చిక్కు వచ్చిపడింది. కార్నో ప్రకారం వేడి ఎక్కడి నుంచి ఎక్కడికి దిగినా దాని మొత్తం తగ్గదు, చక్రం తిప్పిన నీరు తగ్గనట్టే. జూల్ ప్రకారం పని జరిగినప్పుడు వేడి కొంత ఖర్చైపోతుంది. ఇద్దరిలో ఎవరు నిజం? దాదాపు నాలుగేళ్లు ఈ ప్రశ్న ఆయనను వదలలేదు. 1850లో జర్మనీలో క్లాసియస్, 1851లో విలియం వేర్వేరుగా ఒకే జవాబుకు చేరారు. వేడిలో కొంత పనిగా మారుతుంది, అక్కడ జూల్ నిజం. మిగిలినది తక్కువ ఉష్ణోగ్రతకు దిగి తీరాలి, అక్కడ కార్నో నిజం. ఉష్ణగతిక శాస్త్రం రెండు నియమాలూ ఇలా నిలబడ్డాయి. చివరి రోజుల్లో కార్నో కూడా తన పాత అభిప్రాయాన్ని మార్చుకున్నాడని 1878లో బయటపడిన అతని రాతప్రతుల వల్ల తెలిసింది.

ఈ ప్రయాణంలోనే 1848లో విలియం పరమ ఉష్ణోగ్రతా మానాన్ని ప్రతిపాదించాడు. పాదరసం మీద గానీ గాలి మీద గానీ ఆధారపడని కొలత అది. దాని సున్నా మన సెల్సియస్ లెక్కలో మైనస్ 273.15 డిగ్రీల దగ్గర ఉంటుంది. మంచు గడ్డ కట్టే 0 డిగ్రీలు కెల్విన్ లెక్కలో 273 అన్నమాట. ఇప్పుడు మొదట్లో చెప్పిన మాటకు అర్థం తెలుస్తుంది. చలిగాలి అంటే వేడి లేని గాలి కాదు. 10 డిగ్రీల గాలి నిజానికి 283 మెట్ల ఎత్తున ఉంది. మన ఒంటి కంటే కొంచెం కింద ఉంది కాబట్టి మనకు చలి వేస్తుంది, అంతే.

1852 – వేడిని తోడే యంత్రం

1852 డిసెంబరులో గ్లాస్గో తాత్విక సంఘంలో విలియం ఒక చిన్న పత్రం చదివాడు. భవనాలను గాలి ప్రవాహాలతో వేడిచేయడం లేదా చల్లబరచడం, అందులో పొదుపు ఎలా అన్నది దాని విషయం. ఆ కాలంలో అక్కడ ఇళ్లన్నీ బొగ్గు పొయ్యిలతోనే వెచ్చబడేవి. తెరిచిన పొయ్యిలో పుట్టిన వేడిలో ఎక్కువ భాగం పొగగొట్టం గుండా ఆకాశానికి పోయేది. కష్టపడి కొన్న బొగ్గు ఊరిని నల్లబరిచేది, ఇంటిని మాత్రం అరకొరగా వెచ్చబరిచేది.

విలియం చెప్పిన యంత్రం సంగతి అర్థం కావాలంటే సైకిలు పంపు గుర్తుతెచ్చుకోండి. గాలి కొట్టేటప్పుడు పంపు గొట్టం అడుగున వేడెక్కుతుంది. గాలిని నొక్కితే వేడెక్కుతుంది. ట్యూబు వాల్వు వదిలినప్పుడు బుస్సుమని వచ్చే గాలి చేతికి చల్లగా తగులుతుంది. గాలిని వ్యాకోచించనిస్తే చల్లబడుతుంది. ఆయన యంత్రంలో రెండు సిలిండర్లు. మొదటిది బయటి గాలిని లోపలికి తీసుకుని వ్యాకోచింపజేస్తుంది. ఆ గాలి బయటి చలి కంటే కూడా చల్లనవుతుంది. దాన్ని బయట ఉంచిన లోహపు పాత్రల గుండా పంపితే, చుట్టూ ఉన్న చలిగాలే దానికి వేడినిస్తుంది, ఎందుకంటే చలిగాలి దానికంటే వెచ్చన! అలా వేడి పుంజుకున్న గాలిని రెండో సిలిండరు నొక్కి మామూలు ఒత్తిడికి తెస్తుంది. నొక్కినప్పుడు అది వేడెక్కి గదిలోకి వస్తుంది.

లెక్క ఇంకా ఆశ్చర్యం. 10 డిగ్రీల గాలిని 27 డిగ్రీలకు తేవడానికి నేరుగా కావలసిన వేడిలో సుమారు 35వ వంతు పని చాలు. అది నష్టాలేవీ లేని ఆదర్శ యంత్రం లెక్క. ఆ పని చేసే ఆవిరి యంత్రం బొగ్గు వేడిలో పదో వంతునే పనిగా మార్చగలదనుకున్నా, మొత్తం మీద నేరుగా కాల్చేదాంట్లో మూడో వంతు కంటే తక్కువ బొగ్గుతో సరిపోతుంది. ఇదే యంత్రాన్ని తిరగేసి వాడితే వేసవిలో గదిని చల్లబరుస్తుంది.

ఇది ఇంద్రజాలం కాదు. మన ఊళ్లో బోరు మోటారు లాంటిదే. మోటారు నీళ్లను పుట్టించదు, భూమిలో ఉన్న నీళ్లను పైకి తోడుతుంది. అలాగే ఈ యంత్రం వేడిని పుట్టించదు, బయట ఉన్న వేడిని తోడి తెస్తుంది. నీళ్లు లోతుకు పోయినకొద్దీ మోటారుకు కరెంటు ఎక్కువ కావాలి. అలాగే లోపలి, బయటి ఉష్ణోగ్రతల తేడా పెరిగినకొద్దీ ఖర్చు పెరుగుతుంది. హీట్ పంపు దక్షత అంతా ఈ ఒక్క సూత్రంలో ఉంది.

ఇంత మంచి ఆలోచన వెంటనే ఎందుకు అమలు కాలేదు? బొగ్గు చవక. గాలి కొంచెం వేడినే మోస్తుంది కాబట్టి సిలిండర్లు చాలా పెద్దవి కావాలి. ఇంటింటా ఆవిరి యంత్రం పెట్టుకోవడం కుదిరే పని కాదు. కరెంటు ఇంకా ఇళ్లకు రాలేదు. 1856లో ఆస్ట్రియాలో రిట్టింగర్ అనే ఇంజనీరు ఎబెన్సే ఉప్పు కార్ఖానాలో ఆవిరిని నొక్కి మళ్లీ వాడే పద్ధతి పెట్టాడు. ఇళ్ల సంగతి మాత్రం చాలాకాలం ఆగింది. 1920లలో స్కాట్లాండ్‌లోనే హాల్డేన్ అనే ఇంజనీరు తన ఇంటికి హీట్ పంపు పెట్టుకుని, 1930లో దాని ఫలితాలు ప్రచురించాడు. 1938లో స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ నగరసభ భవనాన్ని నది నీటిలోని వేడితో వెచ్చబరిచారు. ఈనాడు మంచు దేశాలైన నార్వే, స్వీడన్, ఫిన్లాండ్‌లలో హీట్ పంపు సాధారణ గృహోపకరణం.

ఇంటి కరెంటు – కెల్విన్ పొదుపు సూత్రం

ఆయన జీవితంలోని మిగతా ఘట్టాలు క్లుప్తంగా చెబుతాను. 1852లోనే మార్గరెట్ క్రమ్‌ను వివాహం చేసుకున్నాడు. ఆమె పెళ్లయిన కొద్దికాలానికే జబ్బుపడి, 1870లో మరణించేదాకా కోలుకోలేదు. 1860 చలికాలంలో మంచు మీద ఆడుతూ పడి ఆయన కాలు విరిగింది. ఆ కుంటి జీవితాంతం మిగిలిపోయింది. అట్లాంటిక్ సముద్రం అడుగున తంతి తీగ వేసే పనిలో నౌకలెక్కి తిరిగాడు. 1858లో వేసిన తీగ ఎక్కువ విద్యుత్ ఒత్తిడి పెట్టడంతో కొద్ది వారాల్లోనే చెడింది. 1865లో వేస్తుండగా తీగ తెగింది. 1866లో విజయం దక్కింది. ఆ ఏడాదే సర్ బిరుదు వచ్చింది. 1874లో ఫ్రాన్సెస్ బ్లాండీని రెండో వివాహం చేసుకున్నాడు. పిల్లలు లేరు.

1881లో తన ఇంటికి విద్యుత్ దీపాలు పెట్టించుకున్నాడు. ప్రపంచంలోనే విద్యుత్ దీపాలు చూసిన తొలి ఇళ్లలో అది ఒకటి. తాను చదివిన పీటర్‌హౌస్ కళాశాలకు 600 ఏళ్లు నిండిన సందర్భంగా, 1884లో, ఆ కళాశాలకు కూడా విద్యుత్ దీపాలు కానుకగా ఇచ్చాడు. చదువుకున్న చోటికి వెలుగు తిరిగి ఇవ్వడం ఎంత మంచి కానుకో పూర్వ విద్యార్థులమైన మనం ఆలోచించాలి.

ఆ 1881లోనే ఆయన చెప్పిన ఇంకో సూత్రం కరెంటు పనిచేసేవాళ్లకు ఇప్పటికీ ఉపయోగమే. సన్నటి తీగ వేస్తే కొనుగోలు ఖర్చు తక్కువ, కానీ తీగ వేడెక్కి ఏటా కరెంటు వృథా. లావు తీగ వేస్తే వృథా తక్కువ, రాగి ఖర్చు ఎక్కువ. తీగ కొన్న డబ్బుకు ఏటా పడే వడ్డీ, ఏటా వృథాగా పోయే కరెంటు ఖరీదు సమానమయ్యే లావు ఎంచుకుంటే మొత్తం ఖర్చు అన్నిటికంటే తక్కువ అవుతుంది. వస్తువు ధర ఒక్కటే చూడకూడదు, దాన్ని వాడినన్నాళ్లూ కట్టే బిల్లు కూడా ధరలో భాగమే. మన దేశంలో 2006లో మొదలైన స్టార్ రేటింగ్ గుర్తు వెనుక ఉన్న ఆలోచన కూడా ఇదే. ఫ్రిజ్ మీద నక్షత్రాలు ఎక్కువుంటే కొనేటప్పుడు నాలుగు రూపాయలు ఎక్కువైనా, నెలనెలా బిల్లులో కలిసివస్తుంది. అదే ఏడాది యార్క్ నగర సభలో మాట్లాడుతూ, బొగ్గు ఎప్పటికీ ఉండదని, గాలిమరలకు మళ్లీ రోజు వస్తుందని కూడా సూచించాడు.

మన లెక్క

ఇప్పుడు మన లెక్క మనం చేద్దాం. 15 లీటర్ల బకెట్టు నీళ్లను 20 డిగ్రీలు పెంచాలంటే 300 కిలోకేలరీల వేడి కావాలి. ఒక యూనిట్ కరెంటు అంటే 860 కిలోకేలరీలు. అంటే హీటరు రాడ్డుతో గానీ గీజరుతో గానీ బకెట్టుకు సుమారు 0.35 యూనిట్. వందమంది విద్యార్థులకు వంద బకెట్లు, రోజుకు 35 యూనిట్లు. రాడ్డు ఎంత మంచిదైనా ఇంతకంటే తగ్గదు, ఎందుకంటే అది వేడిని పుట్టిస్తుంది. హీట్ పంపు వేడిని తోడుతుంది. ఒక పాలు కరెంటుకు మూడు పాళ్ల వేడి ఇచ్చే యంత్రమైతే అదే వంద బకెట్లకు 12 యూనిట్ల లోపే చాలు. పైగా మన ప్రాంతంలో గాలి ఎప్పుడూ వెచ్చగానే ఉంటుంది కాబట్టి తోడాల్సిన లోతు తక్కువ. యంత్రం ఖరీదు ఎక్కువే. కానీ పైన చెప్పిన కెల్విన్ సూత్రంతో కొనుగోలు, బిల్లు రెండూ కలిపి లెక్కవేయాలి. డిసెంబరు పొద్దున వణికే పిల్లవాడికి గోరువెచ్చని నీళ్లు అందని కోరికేమీ కాదని ఈ లెక్క చెబుతుంది.

ఏసీ కూడా హీట్ పంపే, గది వేడిని తోడి బయట పారేస్తుంది. బయట 40 డిగ్రీలున్నప్పుడు 24 మీద పెడితే తేడా 16, 20 మీద పెడితే తేడా 20. తేడా పెరిగితే బయటి వేడి గోడల గుండా నాలుగో వంతు ఎక్కువ చొరబడుతుంది. ఒక్కో పాలు వేడిని తోడటానికి అయ్యే పని కూడా ఆదర్శ యంత్రంలో నాలుగో వంతుకు పైగానే పెరుగుతుంది. రెండు నష్టాలూ ఒకదానిపై ఒకటి హెచ్చవుతాయి. 2020 జనవరి నుంచి కొత్త గది ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలయ్యేలా ఉండాలని మన దేశంలో నిబంధన పెట్టింది ఇందుకే.

పొరపాట్లూ ఉన్నాయి

గొప్పవాళ్లను దేవుళ్లను చేయకూడదు. కెల్విన్ కూడా పెద్ద పొరపాట్లు చేశాడు. భూమి చల్లారే తీరును బట్టి దాని వయసు లెక్కకట్టి, చివరికి 1897లో 2 నుంచి 4 కోట్ల ఏళ్లు మాత్రమే అన్నాడు. నిజం సుమారు 450 కోట్ల ఏళ్లు. ఒకప్పుడు ఆయన దగ్గరే సహాయకుడిగా పనిచేసిన జాన్ పెర్రీ 1895లో గురువు లెక్కలోని లోపాన్ని ధైర్యంగా ఎత్తిచూపాడు. గురువు ఒప్పుకోలేదు. మనుషులు గాలిలో యంత్రాల మీద ఎగరగలరన్న నమ్మకం కూడా ఆయనకు లేదు. పదహారేళ్ల వయసులో పెద్దవాళ్ల తప్పును ఎత్తిచూపిన కుర్రవాడు, పెద్దవాడయ్యాక తన తప్పును చూడలేకపోయాడు. పేరు వచ్చాక వినడం తగ్గుతుందేమో. పెద్దలమైన మనకూ ఇది హెచ్చరికే.

మళ్లీ విద్యార్థి

1892లో ప్రభుత్వం ఆయనను లార్డ్ చేసింది. అప్పుడు ఎంచుకున్న పేరు కెల్విన్. అది విశ్వవిద్యాలయం పక్కనుంచి పారే చిన్న నది పేరు. 1899లో, 75 ఏళ్ల వయసులో, ఆచార్య పదవి నుంచి తప్పుకున్నాడు. ఆ వెంటనే అదే విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థిగా తన పేరు నమోదు చేయించుకున్నాడు. పదేళ్ల పిల్లవాడిగా సంతకం చేసిన చోటే 65 ఏళ్ల తర్వాత మళ్లీ విద్యార్థిగా చేరాడు.

1907 డిసెంబరు 17న లార్గ్స్‌లోని తన ఇంట్లో ఆయన కన్నుమూశాడు. లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో న్యూటన్ సమాధి పక్కన ఆయనను ఖననం చేశారు. ఆరు వందలకు పైగా శాస్త్ర పత్రాలు రాసిన ఆయనకు, 1852 నాటి ఆ చిన్న పత్రం ఒకనాడు కోట్ల ఇళ్లకు చేరే యంత్రమవుతుందని ఆ రోజు తెలిసి ఉండకపోవచ్చు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఈసారి చన్నీళ్ల దగ్గర నిలబడినప్పుడు ఆ నీళ్లలో 290 మెట్ల ఎత్తు వేడి ఉందని గుర్తుచేసుకోండి. తోడే విద్య తెలియాలి, అంతే. చదువు కూడా అలాంటిదే. మన ఊళ్లలో, మన ఇళ్లలో తెలివి లేక కాదు, దాన్ని పైకి తోడే సాధనం లేక అది అడుగున ఉండిపోయింది. మీలో ఎవరైనా ఇంజనీరై వచ్చి మన హాస్టల్ మేడ మీద ఆ యంత్రం బిగించిన రోజున, మొదటి బకెట్టు వెచ్చని నీళ్లు ఆ ఏడాది కొత్తగా చేరిన చిన్న పిల్లవాడికి ఇవ్వండి.